ట్యాంకు దళమున దినచర్య



మన గుంటూరు సీమలో ట్యాంకు అనగానే పెద్దలకు మొదట తోచునది ఊరి చెరువు. రెవెన్యూ కాగితములలోను, నీటిపారుదల శాఖవారి పటములలోను చెరువునకు ఆ పేరే వ్రాయుట చిరకాలపు వాడుక. నేడు మేము ముచ్చటింపబూనిన ట్యాంకు నీటిది కాదు, ఉక్కుది. అయినను ఆ పేరునకు నీటితో కొంత చుట్టరికము లేకపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిష్ వారు ఈ క్రొత్త శకటమును రహస్యముగా నిర్మించుచు, అదేమని అడిగినవారికి ఎడారి దేశములకు నీరు మోయు తొట్టి అని చెప్పి పంపెడివారు. 1916 సెప్టెంబరు 15 న ఫ్రాన్సులో సోమ్ నదీప్రాంతమున అది తొలిసారి యుద్ధరంగమున కదలినది. రహస్యము బయటపడినది గాని పేరు మాత్రము మారలేదు.

యుద్ధవార్తలు మనకు రేడియోలో వినిపించునప్పుడు రెండు మూడు వాక్యములలో ముగియును. ఫలానా గ్రామము వశమైనది, ఇన్ని ట్యాంకులు ధ్వంసమైనవి అని విందుము. 1965 సెప్టెంబరులో అట్లే వింటిమి. మన మైదానమున మిరప నారు నాటు దినములవి. ప్రత్తి చేలలో కలుపు తీయు దినములు. సాయంకాలము పని ముగించుకొని వచ్చి పంచాయతీ రేడియో ఎదుట కూర్చున్నవారి చెవులకు ఫిల్లోరా, చావిండా, ఖేమ్‌కరణ్ అను ఎన్నడు వినని ఊళ్ళ పేర్లు చేరినవి. ఆ ట్యాంకులలో కూర్చున్నవారు ఎప్పుడు లేచుదురో, ఏమి తిందురో, ఎచ్చట పండుకొందురో వార్తలు చెప్పవు. చెప్పుటకు వాటికి వ్యవధియు ఉండదు. ఆ కొరతను ఈ ప్రసంగమున కొంత తీర్పదలచినాము.

ఇందులకు మేము ఎన్నుకొన్నది 16వ లైట్ కేవల్రీ అను దళము. ఇది దక్షిణదేశమున పుట్టినది. ఆర్కాటు నవాబు కొలువున 1776 నాటికే ఉండిన ఆశ్వికులు దీనికి మూలము. 1784 లో వారు ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యమున చేరిరి. మన దేశపు ట్యాంకు దళములలో అన్నిటికంటె పాతదిగా దీనికి పేరు. భారతీయులను అధికారులుగా నియమించుటకు 1923 లో ఎన్నుకొనబడిన ఎనిమిది దళములలో ఇది ఒకటి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఈ దళమునకు దక్షిణాది రాష్ట్రములవారినే తీసికొనసాగిరి. ఆంధ్రులు, తమిళులు, కన్నడిగులు, మలయాళీలు ఒకే ట్యాంకులో కూర్చుండు దళమిది.

మరొక చుట్టరికము కలదు. రెండవ ప్రపంచ యుద్ధమున ఈ దళము ట్యాంకులతో గాక ఉక్కు తొడుగు గల మోటారు బండ్లతో బర్మాలో పోరాడినది. క్వెట్టా నుండి బర్మా సరిహద్దు వరకు వేలాది మైళ్ళు రోడ్డు మార్గముననే ప్రయాణము చేసినది. ఆనాడు దానిని నడిపినవారు జయంతనాథ చౌధురి. 1948 సెప్టెంబరున హైదరాబాదుపై జరిగిన పోలీసు చర్యలో షోలాపూరు దిక్కునుండి వచ్చిన సేనకు నాయకులు ఆయనయే. తరువాత హైదరాబాదుకు సైనిక గవర్నరు ఆయనయే. అప్పుడు కృష్ణకు ఆవలి ఒడ్డున, మన కన్నుల ఎదుటనే, విజయవాడ నుండి మరొక సేన కోదాడ, సూర్యాపేటల మీదుగా సాగినది. మన విజయవాడ రేడియో కేంద్రము ఆ సంవత్సరమే డిసెంబరు 1 న ప్రారంభమైనది. 1965 నాటికి చౌధురిగారు భారత సైన్యాధిపతులు. కాబట్టి ఆ యుద్ధకథ మనకు మరీ దూరపుది కాదు.

ఆశ్వికదళములో ఒక పాత నియమము కలదు. గుఱ్ఱమునకు నీరు పట్టి, మాలీసు చేసి, దాణా పెట్టిన పిదపనే రౌతు తాను భుజింపవలెను. ఇది మన రైతుకు క్రొత్త మాట కాదు. పొలమునుండి వచ్చిన ఎడ్లకు కుడితి పెట్టి మేత వేయక ముందు కంచము ముందు కూర్చుండు రైతును ఒంగోలు సీమలో ఎవరును మెచ్చరు. రెండవ ప్రపంచ యుద్ధపు తొలినాళ్ళలో గుఱ్ఱములు పోయినవి. నియమము మాత్రము పోలేదు. గుఱ్ఱమునకు బదులు ట్యాంకు వచ్చినది. ట్యాంకు ముందు, మనిషి తరువాత. రౌతు కొద్దీ గుఱ్ఱమని మన సామెత. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినదంతయు ఆ సామెతలోనే ఇమిడియున్నది.

1965 లో ఈ దళము వాడిన ట్యాంకు పేరు సెంచూరియన్. బ్రిటిష్ వారి నిర్మాణము. దాని బరువు సుమారు 50 టన్నులు. మిరప బస్తాలు నింపిన రెండెడ్ల బండి ఒక టన్నుకు అటు నిటు ఉండుననుకొన్నచో, ఏబది బండ్ల బరువు ఒక్కచోట చేరినదన్నమాట. దానిని లాగునది 650 అశ్వశక్తి గల పెట్రోలు ఇంజను. చక్రములు నేలను తాకవు. ఒక్కొక్క ప్రక్క నూటికి పైగా ఉక్కు పలకలను చీలలతో గ్రుచ్చిన గొలుసు చుట్టును తిరుగుచుండ, దాని మీద చక్రములు దొర్లును. పైన అన్ని దిక్కులకు తిరుగు ఉక్కు గోపురము, దాని ముందర 20 పౌండరు అను ఫిరంగి.

ఇందులో నలుగురు మనుష్యులు. ముందు భాగమున, క్రిందుగా డ్రైవరు. గోపురములో ముగ్గురు: గురి చూచి కాల్చు గన్నరు, గుండ్లు నింపు లోడరు, అందరికి ఆజ్ఞ యిచ్చు కమాండరు. మూతలు వేసికొన్న పిదప డ్రైవరునకు కనబడు లోకము అరచేతి వెడల్పు అద్దమంత. గన్నరునకు దుర్భిణిలోని గుండ్రని బిళ్ళంత. తల బయట పెట్టి నలుదిక్కులు చూడగలవాడు కమాండరు ఒక్కడే. అందువలన యుద్ధమున గుండు ముందు తగులునదియు అతనికే.

రేడియో గల ఇండ్లవారికి మరొక మాట చెప్పవలెను. లోడరు గుండ్లు నింపుటయే గాక రేడియో కూడ చూచుకొనును. మీ ఇంటి రేడియో వినిపించును గాని మీ మాట వినదు. ట్యాంకులోని రేడియో రెండు పనులును చేయును. నాలుగు ట్రూపులు కలసి ఒక స్క్వాడ్రను. ట్రూపునకు మూడు ట్యాంకులు. మూడు స్క్వాడ్రనులతో, దళనాయకుని ట్యాంకులతో కలిపి దళములో 45 ట్యాంకుల వరకు ఉండును. స్క్వాడ్రనులోని ట్యాంకులన్నియు ప్రతి ఉదయము ఒకే తరంగముపై కలియవలెను. ముల్లు వెంట్రుకవాసి తప్పినను ఆ ట్యాంకు చెవిటిదై పోవును. చెవిటి ట్యాంకు ఎంత బలముదైనను దళమునకు బరువే.

ఇక శాంతికాలపు దినచర్య. తెల్లవారకముందే బిగిలు వినబడును. ముఖము కడుగుకొని టీ త్రాగి వ్యాయామమునకు పోవుదురు. ఫలాహారము ముగిసిన పిదప అందరును ట్యాంకుల కొట్టమునకు చేరుదురు. అక్కడి పని చూచినవారికి ఇది యుద్ధశాల అని గాక పెద్ద కమ్మరి కొలిమి అని తోచును. గొలుసు బిగువు చూచుట మొదటి పని. వదులైనచో మలుపులో జారిపోవును. మరీ బిగిసినచో తెగును. అరిగిన చీలను సుత్తెతో కొట్టి తీసి క్రొత్తది దిగగొట్టుదురు. చక్రముల ఇరుసులకు కందెన పెట్టుదురు. ఇంజనులోనికి గాలి పోవుచోట జల్లెడల ధూళి దులుపుదురు. బ్యాటరీలు చూతురు. ఫిరంగి గొట్టమును శుభ్రము చేయుటకు పొడవైన కఱ్ఱకు కుంచె తగిలించి, నలుగురైదుగురు వరుసగా నిలిచి ముందునకును వెనుకకును లాగుదురు. మొగలి రేకు వలె లోపల తళతళలాడు వరకు ఆ పని విడువరు.

మధ్యాహ్నము తరగతులు. గన్నరు దూరము అంచనా వేయుట నేర్చును. మైలు దూరమున నున్న చెట్టును చూచి ఇంత అని చెప్పవలెను. మొదట ఎక్కువ చెప్పును, తరువాత తక్కువ చెప్పును, నెలలు గడచిన పిదప సరిగా చెప్పును. లోడరు బరువైన గుండును ఇరుకులో త్రిప్పి గొట్టమున పెట్టుట క్షణములలో జరుగునట్లు సాధన చేయును. నలుగురును ఒకరి పని ఒకరు నేర్చుకొనవలెను. ఇది ఎందులకని తొలినాళ్ళలో కుఱ్ఱవాండ్రు విసుగుకొందురు. దాని అర్థము తెలియు దినము వేరుగా ఉండును.

సాయంకాలము ఆటలు, ఆ పిదప హాజరు పిలుపు, రాత్రి భోజనము. అశ్వములు పోయినను పదవుల పేర్లు పాతవే. సామాన్య సైనికుడు సవారు. పైన దఫేదారు, రిసాల్దారు. ఆజ్ఞలు హిందూస్తానీలోను ఇంగ్లీషులోను నడచును. ఇంజను మూత తీసి వేలు కాలినప్పుడు మాత్రము ఎవరి మాతృభాష వారి నోట వచ్చును. సెలవుపై ఇంటికి పోయి వచ్చిన తెలుగువాని పెట్టెలో ఆవకాయ జాడీయో, గొడ్డుకారపు పొట్లమో ఉండును. అది ఒక్కపూటలో అందరి పళ్ళెములలోనికి పోవును. ఆవల ఇంటికి ఉత్తరము వ్రాయుట. వానలెట్లున్నవి, మిరప ధర ఎట్లున్నది, చెల్లెలి పెండ్లి సంబంధము ఎంతవరకు వచ్చినది అని అడుగుటయే గాని, తన పనిని గూర్చి వ్రాయుటకు అతనికి పెద్దగా ఏమియు ఉండదు. నేడు నిన్నటివలెనే గడచినది.

ఇట్టి దినములు ఏండ్ల తరబడి సాగినవి. 1965 వేసవిలో కచ్ రణములో చిక్కులు వచ్చినప్పుడే సేనలు పంజాబు సరిహద్దువైపు కదలినవి. ఆగస్టులో కాశ్మీరమున చొరబాటు మొదలైనది. సెప్టెంబరు 1 న పాకిస్తాను సేన పాటన్ ట్యాంకులతో ఛంబ్ రంగమున దాడి చేసెను. 6 న మన సేన లాహోరువైపు సరిహద్దు దాటెను. 7 వ తేదీ రాత్రి గడచి 8 తెల్లవారగానే, 1వ సాయుధ డివిజను జమ్మూ దక్షిణమున సాంబా ప్రాంతమునుండి సియాల్‌కోట్ రంగమున సరిహద్దు దాటెను. 16వ దళమును, 17వ పూనా హార్స్ దళమును ముందు నడచిన వాటిలో ఉండినవి.

ఆ రాత్రికి ముందు దినచర్యలో వచ్చిన మార్పులు బయటివారికి అల్పముగా తోచును. పెట్టెలు, పరుపులు, కాల్బంతులు వెనుక వదలివేయుదురు. గుండ్లు లెక్క పెట్టి ఎక్కింతురు. ఎంత లెక్కించినను మరల లెక్కింతురు. ఉత్తరములు వ్రాయుదురు గాని ఎచ్చట నున్నదియు వ్రాయరాదు. ముఖ్యమైన మార్పు, రేడియోలు మూగవోవుట. శత్రువు వినకుండుటకై ఎవరును మాటాడరాదు. ప్రతిదినము ఉదయమున పలుకరించుకొనెడి గొంతుకలు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు, యుద్ధము వచ్చినదని సవారునకు నిజముగా తెలియును.

సరిహద్దునకు ఆవల కనబడినది ఏమి? పొలములే. సియాల్‌కోట్ సీమ మన సీమ వలె వ్యవసాయ భూమి. చెరకు తోటలు, వరి మళ్ళు, వాగులు, మట్టి గోడల ఇండ్లు. ఎత్తైన చెరకులో ట్యాంకును దాచవచ్చును. ఎదుటి ట్యాంకును ఆ చెరకే దాచును. 8 వ తేదీన గడ్గోర్ అను గ్రామము వద్ద 16వ దళము పాకిస్తాను పాటన్ ట్యాంకులను ఎదుర్కొనెను. పోరాటము ఘోరముగా జరిగినది. ఇరుప్రక్కల ట్యాంకులు కాలినవి. మన సేన తాను తలచినంత ముందుకు పోజాలక ఆ దినము ఆగవలసివచ్చినది. ఈ దళపు అధికారి మేజర్ ఎం. ఏ. ఆర్. షేక్ ఆ రణరంగమున ప్రాణములర్పించిరి. ప్రభుత్వము ఆయనకు వీరచక్రమును ప్రకటించెను.

ఇప్పుడు యుద్ధకాలపు దినచర్యను వినుడు. చీకటితో లేచుటలో మార్పు లేదు, పండుకొనుటయే తక్కువ. తెలవారకముందే నలుగురును తమ తమ స్థానములలో కూర్చుండి, ఫిరంగి నింపి, చూపు ఎదుట నిలిపి వేచియుందురు. దాడులకు అనువైన వేళ అది. సూర్యుడు పైకి వచ్చును. మూతలు వేసిన ఉక్కు పెట్టె ఎండకు కాగును. లోపల ఇంజను వేడి, ప్రేల్చిన మందు పొగ, ఖాళీ గొట్టముల వేడి. ముందరి ట్యాంకు లేపిన ధూళి వెనుకవాని నోట పడును. త్రాగుటకు నీరున్నది గాని త్రాగుటకు తీరిక ఉండదు. ఆహారమన్న పూరీలు, శక్కర్‌పారలు. అవి ఎన్ని దినములైనను చెడవు గనుక సైన్యమువారికి వాటిపై ప్రీతి ఎక్కువ. తినువారికి ప్రీతి ఎన్ని దినములుండునో మీరే ఊహింపుడు.

చీకటి పడినప్పుడు యుద్ధము ఆగినను పని ఆగదు. ఆనాటి మన ట్యాంకులకు రాత్రి చూపు లేదు. కావున అవి కొంత వెనుకకు వచ్చి ఒకచోట చేరి, ఫిరంగులను బయటివైపు త్రిప్పి, మంద వలె కూడియుండును. వెనుకనుండి దీపములు లేని లారీలు పెట్రోలు డబ్బాలను, గుండ్లను తెచ్చును. ఉదయమునుండి ముద్ద ముట్టని నలుగురును అప్పుడేమి చేయుదురు? వరుసగా నిలిచి డబ్బాలు అందించుకొని ట్యాంకు కడుపు నింపుదురు. గుండ్లు ఒక్కొక్కటిగా లోనికి దింపుదురు. ఫిరంగి గొట్టము తుడుచుదురు. చీకటిలో చేతితో తడిమి చీలలు చూతురు. శాంతికాలమున వేయిసార్లు చేసిన పని గనుక దీపము అక్కరలేదు. ఇదంతయు ముగిసిన పిదపనే టీ, ఆ పిదప తిండి. ఎద్దునకు మేత వేసిన పిదపనే రైతు.

నిద్ర రెండు మూడు గంటలు. అందులోను వంతులవారీ కాపలా. ట్యాంకు క్రింద పండుకొన్న గుండ్లనుండి రక్షణ కదా అని మీరనవచ్చును. అది కూడదు. మెత్తని నేలలో ఏబది టన్నుల బరువు రాత్రికి రాత్రి దిగబడవచ్చును. వాన వెలసిన రేగడిలో ఎడ్లబండి ఇరుసు వరకు దిగుట చూచిన మనకు దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. కావున ట్యాంకు ప్రక్కనే గుంట త్రవ్వుకొని పండుకొందురు.

నేల సంగతి వచ్చినది గనుక ఒక మాట. అదే సెప్టెంబరు 8 నుండి 10 వరకు దక్షిణమున ఖేమ్‌కరణ్ వద్ద అసల్ ఉత్తర్ గ్రామమున పాకిస్తాను పాటన్ ట్యాంకులు మన గడ్డపైకి వచ్చినవి. మనవారు కాలువ నీటిని పొలములపైకి వదలిరి. పాటన్ ట్యాంకులు చెరకు తోటలలోను బురదలోను దిగబడినవి. చెరకు చాటుననుండి మన ఫిరంగులు వాటిని చీల్చినవి. హవల్దారు అబ్దుల్ హమీద్ జీపుపై నున్న చిన్న ఫిరంగితో వరుసగా ట్యాంకులను ధ్వంసము చేసి తానును నేలకొరిగెను. ఆయనకు పరమవీరచక్రము లభించినది. ఎంత గొప్ప యంత్రమైనను తన క్రింది మట్టిని ఎరుగనిచో మట్టిలోనే మిగులును. ఈ మాట రైతుకు తెలియును. ఆ వారమున కొందరు సేనాపతులకును తెలిసివచ్చినది.

సియాల్‌కోట్ రంగమున 11 వ తేదీన ఫిల్లోరా మన వశమైనది. ఆ యుద్ధమున పూనా హార్స్ దళమును నడిపిన లెఫ్టినెంట్ కర్నల్ అర్దేషీర్ తారాపూర్‌ను మనము మన హైదరాబాదువాడనియే చెప్పుకొనవచ్చును. ఆయన సైనికజీవితము మొదలైనది హైదరాబాదు సంస్థానపు సేనలో. ఒకనాడు శిక్షణలో ఒక క్రొత్తవాడు విసరిన చేతిబాంబు ఎదుట పడక వారున్న గోతిలోనే పడెను. తారాపూర్ దానిని చేతితో తీసి బయటకు విసరెను. అది ప్రేలి ఆయన రొమ్మునకు గాయమైనది. అది విన్న సంస్థాన సేనాపతి ఎల్ ఎద్రూస్ ఆయనను ఆశ్వికదళమునకు మార్చిరి. సంస్థానము విలీనమైన పిదప, 1951 లో, ఆయన పూనా హార్స్‌లో చేరెను. ఫిల్లోరా వద్ద గాయపడినను వెనుకకు పోవుటకు అంగీకరింపలేదు. చేతికి కట్టు కట్టుకొని ఇంకను అయిదు దినములు దళమును నడిపెను. సెప్టెంబరు 16 న బుటూర్ డోగ్రాందీ వద్ద ఆయన ట్యాంకు కాలి మరణించెను. ఆయనకు పరమవీరచక్రము ఇచ్చిరి.

పత్రికలలో ఇట్టి పేర్లు వచ్చును, రావలసినదే. పేరు రానివారి సంగతి ఏమి? ట్యాంకులో నలుగురు. ఒకడు గాయపడినచో మరునాటికి ఆ స్థానమున వేరొకడు కూర్చుండవలెను. అప్పుడు అర్థమగును, ఒకరి పని ఒకరు ఎందులకు నేర్చుకొనవలెనో. లోడరు గన్నరగును, వెనుకనుండి వచ్చిన క్రొత్తవాడు లోడరగును. ఉదయమున రేడియో కలుపునప్పుడు అదే పిలుపు, వేరు గొంతుక. ఎవరును దానిని గూర్చి మాటాడరు. మధ్యాహ్నము నీటి సీసా అందించుచు పాత పేరుతో పిలిచి నాలుక కరచుకొందురు. ఇంటివద్ద ఆనాడు వార్త తెచ్చునది తంతి. తంతి జవాను సైకిలు వీధిలోనికి తిరిగినప్పుడు, అది తమ గుమ్మము దాటి పోవు వరకు ఊపిరి బిగపట్టిన ఇండ్లు ఆ నెలలో ఎన్ని ఉండెనో.

చావిండా గ్రామముకై ఆ పిదప తీవ్రమైన పోరు జరిగినను అది మన వశము కాలేదు. సెప్టెంబరు 23 తెల్లవారుజామున కాల్పులు ఆగినవి. 1966 జనవరి 10 న తాష్కెంటులో ఒడంబడిక జరిగినది. ఫిబ్రవరి చివరకు ఇరు సేనలును పాత హద్దులకు మరలినవి. యుద్ధము ఆగిన తరువాత కూడ సేనలు అయిదు నెలలు ఆ పొలములలోనే ఉండినవన్నమాట.

ఆ అయిదు నెలల దినచర్యను గూర్చి ఎవరును వ్రాయరు. అందుననే మాకు ఎక్కువ అర్థము గోచరించినది. మరల బిగిలు, మరల వ్యాయామము, మరల కందెన. కాల్పులు ఆగిన ఉదయముననే గొట్టములు తుడుచుటకు కఱ్ఱలు బయటికి వచ్చినవనిన ఆశ్చర్యము లేదు. చుట్టును కోతకు వచ్చి కోయువారు లేని చేలు. గొలుసుల క్రింద నలిగిన చెరకు. యజమానులు పోయిన ఇండ్లు. ట్యాంకు దళములోని సవారు అనేకమారు రైతుబిడ్డ. ఆ పంట శత్రుదేశపుదని తెలిసినను, చేతికి వచ్చిన పైరు నేలపాలగుట చూచినప్పుడు అతని మనస్సునకు తోచునది దేశములను గూర్చి కాదు. ఖేమ్‌కరణ్ వైపున మన పంజాబు రైతుల పొలములకును అదే గతి పట్టినది. యుద్ధము ఎవరు మొదలుపెట్టినను అది జరుగునది ఎవరో ఒక రైతు పొలమునందే.

అందుకే కాబోలు, ఆ సంవత్సరమే ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు జై జవాన్, జై కిసాన్ అని ఇద్దరిని ఒక్క నినాదమున చేర్చిరి. ఇద్దరి జీవితములును ఒక్కటే తీరున నడచును. ఏడాది పొడుగున చేసిన చాకిరి ఎవరి కంటను పడదు. పంట నాడో, యుద్ధము నాడో దాని ఫలము తేలును. ఆనాడు క్రొత్తగా చేయగలిగినది ఏమియు లేదు. చేసియుంచినదే కాపాడవలెను.

ఆరేండ్ల పిదప, 1971 డిసెంబరున, అదే ప్రాంతమున సెంచూరియన్ ట్యాంకులు మరల పోరాడినవి. పూనా హార్స్‌కు చెందిన 21 ఏండ్ల అరుణ్ ఖేతర్‌పాల్ డిసెంబరు 16 న అక్కడనే మరణించి పరమవీరచక్రము పొందెను. ఇప్పుడు ఆ ట్యాంకులు సేవనుండి తొలగి, కూడళ్ళలోను సైనిక ప్రదర్శనశాలలలోను నిలిచియున్నవి. పిల్లలు వాటిపై ఎక్కి ఆడుకొందురు. నేడు మన సేన వాడు టి-72, టి-90 ట్యాంకులలో గుండ్లను యంత్రమే నింపును గనుక ముగ్గురే కూర్చుందురు. రాత్రియు చూడగల కన్నులు వాటికి వచ్చినవి. అర్జున్ ట్యాంకులో నేటికిని నలుగురే. యంత్రములు మారినను గొలుసునకు చీలలున్నవి, చీలలు అరుగుచున్నవి. ఉదయమున వాటిని తడిమి చూచు చేయి ఒకటి కావలెను.

శ్రోతలలో కొందరి ఇండ్లలో సైన్యమునుండి వచ్చిన తాతయో, పెదనాన్నయో ఉండవచ్చును. ఆయనను యుద్ధములో ఏమి చేసితివని అడిగిన బహుశః పెదవి విప్పడు. ప్రతిదినము ఉదయమున ఏమి చేయుచుండెడివాడవని అడిగి చూడుడు. కందెన డబ్బానుండి మొదలుపెట్టి, రాత్రి చల్లారిన టీ వరకు చెప్పును. నడుమ ఎక్కడనో ఒక పేరు వద్ద ఆగును. అక్కడ మీరును కొంచెము ఆగుడు. వార్తలు చెప్పని యుద్ధకథ అదియే.